నడుముకి ఉప్మా, తలపైన చిలక

ఆ రోజుల్లో నా గొంతు ఎలా ఉంటుందో నాకే సరిగ్గా తెలిసేది కాదు. వాడితే కదా తెలిసేది. ఇంటికి ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని వంటింట్లోకి, వాళ్ళు వంటింట్లోకి కూడా వస్తే బాల్కనీలోకి జరిగిపోయేదాన్ని. పగలంతా పైకి అనలేని మాటలన్నీ సాయంత్రం డైరీలో రాసుకునేదాన్ని. (ఆ డైరీలు ఎవరైనా చదివితే నేను మహా వాగుడుకాయననుకుంటారు.) డిగ్రీ పూర్తయి నిజామాబాద్‌లో ఖాళీగా కూర్చున్న నన్ను, మస్కట్‌లోని రూవి పేటలో ఉండే మా బాబాయి అక్కడికి రప్పించి, తనకు తెలిసిన ఒక చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సేఫ్టీ అసిస్టెంట్‌గా చేర్పించాడు. కొన్నాళ్ళు చూస్తారు, పనికొస్తే ఉంచుకుంటారు, లేకపోతే టికెట్ కొని పంపించేస్తారు. వెనక్కి వెళ్తే మా మేనమామ ఎరువుల దుకాణంలో బిల్లులు రాసే కుర్చీ నా కోసం ఎదురుచూస్తూ ఉంది. ఆ కుర్చీ మీద నాకు కోపం లేదు, కానీ అది గోడకు ఎదురుగా ఉంటుంది. రూవి ఆఫీసులో నా బల్ల పక్కన కిటికీ, ఆ కిటికీలో చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు. జీవితంలో మొదటిసారి నాదంటూ ఒక కిటికీ దొరికింది. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

నాకొచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ ఉద్యోగంలో అసలు పనే మాట్లాడటం. రోజూ పొద్దున డ్యూటీ మొదలవ్వకముందు సైట్‌లో అందరూ వరుసగా నిలబడాలి. దాన్ని టూల్‌బాక్స్ మీటింగ్ అంటారు. పరంజా ఎక్కేముందు ఏం చూసుకోవాలి, ఏం తొడుక్కోవాలి అన్నది ఒకరు గట్టిగా చెప్పాలి, మిగతావాళ్ళు తిరిగి అనాలి. చెప్పే సేఫ్టీ ఆఫీసరు సెలవు మీద ఊరికి పోయి అక్కడే ఉండిపోయాడు కాబట్టి ఆ భాగ్యం నాకు దక్కింది. మొదటి రోజు నేను నిబంధనలన్నీ ఎంత సన్నగా చదివానంటే, ముందు వరుసలోని వాళ్ళు నేను దేవుడికి మొక్కుకుంటున్నాననుకుని, చివర్లో వాళ్ళూ భక్తిగా చేతులు జోడించారు. వెనక వరుసలవాళ్ళకు మీటింగ్ మొదలైన సంగతే తెలియదు. అందరూ కదిలి వెళ్ళాక మేస్త్రన్న వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఆ సైట్‌లో మనవాళ్ళందరికీ పెద్దదిక్కు.

"బిడ్డా, నువ్వు సదివింది మంచిగనే ఉండొచ్చు," అన్నాడు, నన్ను నొప్పించకుండా. "మాకైతే ఇనబడలే. ఇనబడ్డా గా ఇంగ్లీషు మాటలు ఒక చెవుల నుంచి పోయి ఇంకో చెవుల నుంచి ఎల్తయి. ఏం జేస్తం."

ఈ మాట మా ముదీర్ చెవిన పడనే పడింది. ముదీర్ అంటే మేనేజరు. ఒమానీ మనిషి, మెత్తనివాడే, కానీ చెప్పాల్సింది సూటిగా చెప్పేస్తాడు. నెలాఖరులో క్లయింట్ తరఫున ఇన్‌స్పెక్టర్ వస్తారనీ, పనివాళ్ళను నిలబెట్టి ప్రశ్నలడుగుతారనీ, జవాబులు రాకపోతే సైట్ ఆపేస్తారనీ తనకొచ్చిన హిందీలో చెప్పాడు. "సైట్ బంద్ హోగా తో తుమ్హారా కామ్ భీ ఖలాస్," అని ముగించి, నాకు నొప్పి కలిగిందేమోనని తన పెట్టెలోంచి ఒక ఖర్జూరం తీసి ఇచ్చాడు. నా ఉద్యోగం ముగియబోతోందన్న వార్తను అంత తియ్యగా ఇంకెవరూ చెప్పి ఉండరు.

ఇక్కడ లండన్ తాత గురించి చెప్పాలి. గోడల నునుపు, రంగుల మందం చూసి రిపోర్టులు రాయడానికి వారానికోసారి వచ్చే పెద్దాయన. తూర్పు లండన్‌లో పుట్టి, ఎడారి దేశాల్లోనే జీవితమంతా గడిపాడు. ఆయన రిపోర్టులు నేను టైపు చేసేదాన్ని. చేసినన్నాళ్ళూ ఆయనతో ఒక్క మాటా అనలేదు. ఒకరోజు ఆఫీసులో టీ పెట్టే గోదావరి అక్క (పెనుగొండ దగ్గరి ఊరు, ఆఫీసులో అందరి కంటే ధైర్యస్తురాలు) టీ ఇస్తుంటే ఆయన నావైపు గడ్డంతో చూపించి, "నాట్ ఎ డిక్కీ బర్డ్," అని నవ్వాడు.

ఆయన వెళ్ళాక అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. "అమ్మాయిగారూ, ఆయన మిమ్మల్ని పిట్టంటున్నాడండి. మంచి పిట్టంటున్నాడా, చెడ్డ పిట్టంటున్నాడా? చెడ్డదైతే చెప్పండి, రేపట్నించి టీలో పంచదార మానేస్తాను."

నాకూ తెలియలేదు. అడగాలంటే నోరు పెగలదు. ఆయన పంచదార నా చేతుల్లో ఉందన్న బాధ్యతను రెండు వారాలు మోసి, చివరికి టైపు చేసిన రిపోర్టు పైన ఒక చిన్న చీటీ అంటించాను: 'సర్, ఏ పిట్ట?' అని. ఆయన ఆ చీటీ చదివి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. తరువాత కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ళ తూర్పు లండన్‌లో, తోపుడుబళ్ళ వాళ్ళూ కూలీలూ ఉండే పేటల్లో, ఏనాడో ఒక మాటల ఆట పుట్టిందట. ఒక మాట చెప్పాలంటే దాన్ని చెప్పరు. దానికి ప్రాస కుదిరే జంట మాట ఒకటి వెతుకుతారు. తల అంటే హెడ్. హెడ్‌కి ప్రాస బ్రెడ్. లోఫ్ ఆఫ్ బ్రెడ్. ఇక్కడివరకు మామూలే. కానీ ఆ తరువాత, ప్రాస ఉన్న ఆ బ్రెడ్‌నే తీసి పారేస్తారు. మిగిలింది లోఫ్. 'నీ లోఫ్ వాడు' అంటే నీ బుర్ర వాడమని. మాట అంటే వర్డ్, దానికి బర్డ్, డిక్కీ బర్డ్. కాబట్టి నా నోట ఒక్క పిట్టా రాలదని ఆయన అన్నది. చూడటమంటే లుక్, దానికి కసాయివాడి కొక్కెం, బుచర్స్ హుక్. మెట్లంటే స్టెయర్స్, దానికి ఆపిళ్ళూ పియర్లూ. ఒక పండు పేరు మాత్రం మధ్యలో ఎత్తి, అర్థం చెప్పకుండా చెవులు ఎర్రబడేలా నవ్వి దాటేశాడు. (ఆ తరువాత తెలుసుకున్నాను. ఇక్కడ రాయను.) పోలీసులకు తెలియకూడదని పుట్టిందంటారు కొందరు, బేరాల్లో కొనేవాళ్ళకు తెలియకూడదని కొందరు, ఊరికే సరదాకని ఇంకొందరు. నిజం ఎవరికీ కచ్చితంగా తెలియదట. అక్కడి మనుషులు ఎందరో ఇప్పటికీ ఆ మాటలు వాడుతూ, వాటి వెనక ఒక ప్రాస దాగి ఉందని కూడా ఎరగరట.

ఆయన చెప్పి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు ఇంకో అక్షరం టైపు చేయలేకపోయాను. పుస్తకాలు చదివే నాకు, మాటలంటే ఎవరో పెద్దవాళ్ళు ఆలోచించి నిఘంటువుల్లో పెడితే మనం తీసుకుని వాడుకునేవన్న లెక్క ఉండేది. పళ్ళమ్ముకునేవాళ్ళు కూర్చుని మాటలు కడతారా? అది కాదు నన్ను కుదిపేసింది. అర్థాన్ని మోసే మాటనే తీసేసినా అర్థం పడిపోకుండా నిలబడటం. కిటికీలోంచి, కొండల ముందు మేం కడుతున్న బిల్డింగ్ కనబడుతోంది. ఒక పక్క పరంజా విప్పేశారు, గోడ దానంతటది నిలబడి ఉంది. దాన్ని చూస్తూ అలాగే ఉండిపోయాను. అక్క వచ్చి చల్లారిన టీ తీసుకెళ్ళి, వేడిది తెచ్చి, అదీ చల్లారితే విసుక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం, ఎండ వేళ పని ఆపేసిన సమయంలో, బేస్‌మెంట్ నీడన మనవాళ్ళంతా పడుకుని ఉన్నారు. నేను హాజరు సంతకాలు తీసుకుంటున్నాను. "ఏంది బిడ్డా, నీల నువ్వే నవ్వుకుంటున్నవ్," అన్నాడు మేస్త్రన్న. "మాకు జెప్పరాదు." నాకేమైందో ఏమో, చెప్పేశాను. మస్కట్‌లో నా మొదటి ఉపన్యాసం అదే. చెప్పడం అయ్యాక మేస్త్రన్న లేచి కూర్చున్నాడు.

"గింతేనా. గది మనకు శాత కాదా. అరే, జీతానికి ఏం కుదురుతదిరా?"

"గీతం," అన్నాడు పక్కన పడుకున్న పెయింటరు, కళ్ళు తెరవకుండానే.

"ఏం గీతం?"

"జాతీయ గీతం."

"గీతం తీసి అవతల పారెయ్యి. జాతీయ. అన్నా, జాతీయ పడ్డదా?"

"యాడ పడ్డది. పదో తారీఖంటున్నరు."

అంతే, బేస్‌మెంట్ లేచి కూర్చుంది. పనికి శని, ఏలినాటి శని, కాబట్టి పనికి పోవడం ఏలినాటికి పోవడమయింది. డబ్బుకు సబ్బు, నీళ్ళూ సబ్బూ, కాబట్టి డబ్బు నీళ్ళయింది. ముదీర్‌కు పనీర్ దొరికింది, పాలక్ పనీర్. ఆ క్షణం నుంచి మా ముదీర్ వెనకాల పాలక్ అయిపోయాడు. నేను రాత్రి పదిసార్లు తలచుకుంటేగాని మింగుడుపడని సూత్రాన్ని వాళ్ళు ఎండ తగ్గేలోపు ఇల్లు కట్టినట్టు కట్టేశారు. నవ్వులు ఆగినచోట, చాలాకాలంగా ఊరికి పోని ఆ పెయింటరే, "ఇల్లుకు జల్లు," అన్నాడు. "వాన జల్లు." జల్లు తీసేశాడు. "నాకు వానకు పోవాలని ఉన్నదే," అన్నాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి. అది కావాలని అన్నాడో, ప్రాస అలా లాక్కెళ్ళిందో నేను అడగలేదు. ఆ మాట పుట్టినప్పుడు నేనక్కడ ఉన్నాను, అంతే. కొన్ని మాటలు పుట్టినప్పుడు అక్కడుండటం ఎంత అదృష్టమో ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ ఒళ్ళు జలదరిస్తోంది.

ఇక నా బుర్రలో (నా లోఫ్‌లో) మెరుపు మెరిసింది. జీతం, పని ఇంత తేలిగ్గా గుర్తుంటే, సేఫ్టీ మాటలు మాత్రం ఎందుకుండవు? మర్నాటి నుంచి మీటింగ్‌లో ప్రాసలే పాఠం. హెల్మెట్‌కి ఆమ్లెట్, డబుల్ ఆమ్లెట్. పరంజాకు ఎక్కవచ్చని చెప్పే పచ్చ బిళ్ళ కడతారు, దాన్ని ట్యాగ్ అంటారు. ట్యాగ్‌కి బ్యాగ్, స్కూలు బ్యాగ్. బెల్టుకు తాడుతో ఉండే హుక్కును ఎప్పుడూ తలకంటే పైనున్న పైపుకు తగిలించాలి. హుక్కుకు ముక్కు, చిలక ముక్కు. బెల్టుకు మాత్రం ఏదీ కుదరక అందరం తల పట్టుకుంటే, టీ ఫ్లాస్కుతో వచ్చిన గోదావరి అక్క, "ఉప్మా పెసరట్టండీ," అంది. ప్రాస కొంచెం కుంటుతుంది కానీ, ఆకలి మీదున్న జనం ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. నాలుగు రోజుల్లో సైట్ అంతా ఒకే గొంతుతో నిబంధనలు వల్లించడం మొదలుపెట్టింది. ముదీర్ పై అంతస్తు నుంచి చూసి బొటనవేలు పైకెత్తాడు. నేను పొంగిపోయాను. ఆ పొంగులో ఒక చిన్న సంగతి గమనించలేదు. ఆటలోని అసలు నియమం వాళ్ళు నా కంటే బాగా పట్టుకున్నారు. వారం తిరిగేలోపు ప్రాసలన్నీ తీసేశారు. హెల్మెటూ బెల్టూ హుక్కూ ట్యాగూ అన్న మాటలు సైట్‌లో వినబడటం మానేశాయి.

నెలాఖరు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ బహ్లా ఊరి అమ్మాయి. నాకంటే కొంచెం పెద్దదేమో. నల్లటి అబాయా మీద పచ్చగా మెరిసే జాకెట్టు, తలగుడ్డ మీద హెల్మెట్, కాళ్ళకు బరువైన బూట్లు. నవ్వు లేదు. ముదీర్ ఒక పక్క, లండన్ తాత ఒక పక్క, వరుసగా మనవాళ్ళు, మధ్యలో దుబాసీగా నేను. ఆమె వరుసంతా చూసి మేస్త్రన్న ముందు ఆగింది. పరంజా ఎక్కేముందు ఏం చేస్తావో చెప్పమంది. నేను తెలుగులో అడిగాను. అందరి కంటే బాగా వచ్చినవాణ్ణే అడిగిందని నాకు లోపల సంబరం.

మేస్త్రన్న ఛాతీ విరిచి మొదలుపెట్టాడు. "ముందుగాల స్కూలు జూస్త. పచ్చ స్కూలైతెనే ఎక్కుత. డబుల్ నెత్తికి పెట్టుకుంట. ఉప్మా నడుముకు గట్టిగ బిగిస్త. పైకి వొయ్యినంక చిలకను తలకాయ కంటె మీదికి తగిలిస్త. చిలక లేనిది ఒక్క అడుగు గూడ ఎయ్య."

వెనక వరుస మొత్తం "ఎయ్య" అంది.

భయంలో మనిషి బుర్ర పనిచేయదు, నోరు పనిచేస్తుంది. అతను చెప్పింది చెప్పినట్టు నా నోట్లోంచి ఇంగ్లీషులో జారిపోయింది. ముందు ఇతను స్కూలు చూస్తాడు. అది పచ్చగా ఉంటేనే ఎక్కుతాడు. తలకు డబుల్ పెట్టుకుని, నడుముకి ఉప్మా కట్టుకుంటాడు. పైకి వెళ్ళాక చిలకను వేలాడదీస్తాడు.

ఇన్‌స్పెక్టర్ కలం ఆగిపోయింది. ప్రహరీ అవతల నిజంగానే ఒక స్కూలుంది. ముదీర్ మెడ తిప్పి దాన్ని చూశాడు. అది పచ్చగా లేదు.

"తిండి నడుముకు కట్టుకుని ఎక్కుతున్నారా?" అంది ఆమె. కలం మళ్ళీ కాగితం మీద పెట్టింది. "సైట్‌లో పక్షుల్ని పెంచుతున్నారా?"

నా ఉద్యోగం నా కళ్ళ ముందే విమానం ఎక్కి కూర్చుంది. మేనమామ దుకాణంలో గోడ కూడా కనిపించింది, దాని మీది యూరియా క్యాలెండరుతో సహా. ముదీర్ లండన్ తాత వైపు, ఏదైనా చెప్పమన్నట్టు చూశాడు. ఎప్పుడూ మాటలు ఆపని ఆ మనిషి నావైపు గడ్డంతో చూపించాడు. "ఆ పిల్లకు తెలుసు, ఆమెనే చెప్పనివ్వండి," అని మాత్రం అన్నాడు. వరుసలో నిలబడ్డవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. తప్పు చెప్పామేమోనని మేస్త్రన్న మొహం చిన్నబోయింది. నాకు అది తట్టుకోవడం కష్టమైంది.

"మేడం, చిలకంటే హుక్కు," అన్నాను. ఆ గొంతు ఎవరిదా అని నేనే వెనక్కి చూడబోయాను. అంత గట్టిగా వచ్చింది. ఆ తరువాత ఆపలేదు. తోపుడుబళ్ళ నుంచి మొదలుపెట్టి, లోఫ్ మీదుగా, డబుల్ ఆమ్లెట్, పెసరట్టు (పెసరట్టు అంటే ఏమిటో, అందులో ఉప్మా ఎందుకు పెడతారో కూడా), అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"చేసి చూపించమను," అంది.

మేస్త్రన్న పరంజా దగ్గరికి నడిచాడు. పచ్చ ట్యాగ్ తిప్పి తేదీ చూశాడు. హెల్మెట్ బిగించాడు, బెల్టు లాగి చూసుకున్నాడు, ఎక్కి, తలకంటే పైనున్న పైపుకు హుక్కు తగిలించి, రెండుసార్లు గుంజి, "చిలక వట్టింది," అని కేక వేశాడు. ఆమె వరుసలోంచి తనకు నచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ పంపింది. అందరూ అలాగే చేశారు. ఆమె అప్పుడు రాయడం మొదలుపెట్టి, తల ఎత్తకుండానే, "మా తాత బహ్లా సూక్‌లో, అంటే సంతలో, మేకల బేరగాడు," అంది. "బేరగాళ్ళకు వాళ్ళ మాటలు వాళ్ళకుండేవి. వాటి అర్థం మా నాయనమ్మకు కూడా చెప్పేవాడు కాదు. ఆయనతోనే పోయాయి."

సంతకం పెట్టి కాగితం ముదీర్‌కిచ్చి, నావైపు తిరిగింది. "సైట్ పాసయింది. కానీ ఒకటి విను. ఇతని పక్కన పనిచేసేది బెంగాలీ అనుకో. వాడికి చిలకంటే ఏం తెలుస్తుంది? పడిపోతున్న మనిషికి ప్రాస వెతుక్కునే టైముండదు. రేపట్నించి పైన ఉన్నప్పుడు అసలు మాటే అనాలి. నేల మీద మీ ఇష్టం." నా పొంగంతా దిగిపోయింది. కానీ ఆమె చెప్పింది నిజం, తెలుగులో చెప్పగానే ఆ నిజం నాకంటే ముందు మేస్త్రన్నకు అర్థమైంది. "గది కరెక్టే బిడ్డా," అన్నాడు. మర్నాటి నుంచి మీటింగ్‌లో హుక్కు మళ్ళీ హుక్కయింది.

సాయంత్రం ముదీర్ పిలిచాడు. ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ పెట్టావని అడిగాడు. ఉద్యోగం ఖాయం చేస్తున్నాననీ, బహుమానంగా ఇకనుంచి కంపెనీ సైట్లన్నిటిలో పొద్దుటి మీటింగులు నేనే పెట్టాలనీ చెప్పాడు. (మాట్లాడటానికి భయపడే మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా. కిటికీ కోసం ఒప్పుకున్నాను.) నేను తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచాడు.

"అన్నీ చెప్పావు. పాలక్ అంటే ఏమిటి?"

"ఆకుకూర సార్."

"అది నాకూ తెలుసు," అన్నాడు ఆలోచిస్తూ. "నేను వచ్చినప్పుడల్లా వీళ్ళకు ఆకుకూర ఎందుకు గుర్తొస్తుంది?"

నాకు తెలిసిన పిట్టలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. ఆయన ఖర్జూరం ఇచ్చాడు. తీసుకుని వచ్చేశాను.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. లండన్ తాత తన దేశం వెళ్ళిపోయాడు, మేస్త్రన్న వాన వైపు వెళ్ళిపోయాడు. నేను ఇప్పుడు వేరే కంపెనీలో, సేఫ్టీ ఆఫీసర్‌ని. పోయిన వారం రూవి బస్సులో నా వెనక సీటులో ఇద్దరు కుర్రాళ్ళు కూర్చున్నారు. కరీంనగర్ యాస. డ్యూటీ దిగి రూమ్‌కు పోతున్నట్టున్నారు.

"రేపు గొడుగు ఉన్నదా?" అన్నాడు ఒకడు.

"గొడుగు యాడిది. మొన్ననే అయిపాయె."

"మా దాంట్ల ఉన్నదట. రేపు పొద్దుగాల."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. గొడుగు. ఈ ఊళ్ళో గొడుగుతో ఎవరికి పని? గొడుగుకు ముందో వెనకో ఒక మాట ఉండాలి, దాన్ని తీసేసి ఉంటారు. నల్ల గొడుగు, ఎండా గొడుగు, గొడుగూ చెప్పులూ... చెప్పులకు ఏం కుదురుతుంది, అప్పులా, తిప్పలా? దేనికీ పొసగదు. మా బేస్‌మెంట్ నుంచి వచ్చిందా, ఇంకో సైట్‌లో ఇంకెవరో కట్టారా, అసలు ప్రాసే లేదా? ఆగలేక వెనక్కి తిరిగాను. ఒకప్పుడు అడగలేక చీటీ రాసి అంటించిన నేనే, నిండు బస్సులో నిస్సంకోచంగా అడిగాను. "బాబూ, గొడుగంటే ఏంటి?"

ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. ఒకడు చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏం లేదు మేడం," అన్నాడు ఆ కుర్రాడు, ఎంతో మర్యాదగా. "గొడుగంటే గొడుగే."

ఆ తరువాత వాళ్ళు దిగేదాకా ఒక్క మాటా మాట్లాడుకోలేదు. నేను ముందుకు తిరిగి, కిటికీ అద్దంలో కనబడుతున్న మేడంని చూసి నవ్వుకున్నాను. ఎవరికి తెలియకూడదని అలాంటి మాటలు పుడతాయో, ఆ మనిషిని ఇప్పుడు నేనే అయ్యాను.